మజిలీల లెక్క: ఎడారి ప్రయాణానికి కాలాన్ని కేటాయించిన తీరు

'సఫారీ' అనే మాట ఈనాడు విహారయాత్రకు పర్యాయపదమైపోయింది. గల్ఫ్ దేశాలలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువారు బంధువులు వచ్చినప్పుడు వారిని ఒక సాయంత్రం ఎడారికి తీసుకుపోతారు. అస్ర్ వేళకు బయలుదేరి, ఇసుక దిబ్బల మీద వాహనంలో తిరిగి, రాత్రి భోజనం చేసుకొని ఇంటికి చేరుకుంటారు. దీనికి ఆరు గంటలు చాలు. ఈ మాట తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాష నుంచి ప్రపంచానికి వ్యాపించినా, దాని మూలం అరబీ పదమైన 'సఫర్'. మనం నిత్యం వాడే 'ముసాఫిర్' కూడ అందులో నుంచి పుట్టినదే. ఆ ధాతువుకు 'ముసుగు తొలగించడం' అనే అర్థం కూడ ఉన్నది. ప్రయాణం మనుషుల నిజస్వభావాన్ని బయటపెడుతుంది గనుకనే దానికి ఆ పేరు వచ్చిందని ఇమామ్ గజాలీ (మరణం 1111) వివరించారు.

ఎడారిని దాటడానికి ఎన్ని రోజులు కేటాయించుకోవాలి? శతాబ్దాల పాటు ఇది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్నగా ఉండేది. లెక్క తక్కువైతే నీళ్లు చాలవు. ఎక్కువైతే మోయవలసిన బరువు పెరిగి పశువులు కూలిపోతాయి. పూర్వికులు దేవుని మీద భారం వేసి ఎడారిలోకి నడిచిపోయేవారనీ, పథకం వేసుకోవడం ఆధునిక యుగపు లక్షణమనీ కొందరు అనుకుంటారు. చరిత్రను పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు.

మజిలీ అనే కొలత

అరబ్బులు ఎడారి దూరాన్ని రోజులలో చెప్పేవారు. ఒక రోజు నడకను 'మర్హలా' అనీ, దిగి విశ్రమించే చోటును 'మన్‌జిల్' అనీ పిలిచారు. మన తెలుగులోని 'మజిలీ' ఈ మన్‌జిల్ రూపాంతరమే. కాశీమజిలీ కథలు చదివిన తెలుగువారికి దారిని మజిలీలుగా లెక్కించడం కొత్త కాదు. అయితే కాశీ దారిలో మజిలీకొక ఊరు, ఊరికొక చెరువు ఉండేవి. ఎడారిలో మజిలీ అంటే నీరు. నీరు ఎక్కడ ఉంటే అక్కడే మజిలీ. రెండు బావుల మధ్య రెండు రోజుల దూరం ఉంటే రెండు రోజులు, ఐదు రోజుల దూరం ఉంటే ఐదు రోజులు నడవవలసిందే.

దివ్యఖుర్ఆన్‌లోని సబా సూరా (34:18–19) ఈ విషయాన్ని ఎంతో అర్థవంతంగా ప్రస్తావించింది. సబా జాతి వారి దారిలో ఊళ్లు ఒకదానికొకటి కనిపించేంత దగ్గరగా ఉండేవి. వాటి మధ్య ప్రయాణం ఒక కొలత ప్రకారం ఏర్పరచబడింది. రాత్రింబగళ్లు నిర్భయంగా నడవగలిగిన ఆ సౌకర్యాన్ని వారు అనుగ్రహంగా గుర్తించలేదు. తమ మజిలీల దూరం పెంచమని కోరుకున్నారు, చివరకు చెల్లాచెదరయ్యారు. కొలత గల ప్రయాణం దైవానుగ్రహాలలో ఒకటిగా ఇక్కడ పేర్కొనబడినదని పాఠకులు గమనించాలి.

అబ్బాసీ ఖలీఫాలు ఇటువంటి సౌకర్యాన్ని హజ్ యాత్రికులకు కల్పించడానికి పూనుకున్నారు. కూఫా నుంచి మక్కాకు పోయే దారి 1,400 కిలోమీటర్లకు పైబడినది. మొదటి అబ్బాసీ ఖలీఫా సఫ్ఫాహ్ హిజ్రీ 134లో ఈ దారి వెంట మైలురాళ్లు నాటించాడు. హారూన్ రషీద్ భార్య జుబైదా (మరణం హిజ్రీ 216, క్రీ.శ. 831) చేయించిన నీటి ఏర్పాట్ల మూలంగా ఈ దారికి 'దర్బ్ జుబైదా' అనే పేరు స్థిరపడింది. వాననీటిని పట్టి నిలిపే రాతి కొలనులు, బావులు, విడిదులు నిర్మించబడ్డాయి. రెండు పెద్ద మజిలీల నడుమ 'ముతఅష్షా', అంటే రాత్రి భోజనపు విడిది, ఉండేది. హిజ్రీ మూడవ శతాబ్దపు భూగోళవేత్త ఇబ్ను ఖుర్దాజ్బిహ్ తన గ్రంథంలో ఈ మజిలీలను, వాటి మధ్య మైళ్లను వరుసగా రాశాడు. కూఫాలో బయలుదేరే యాత్రికుడు తాను ఏ రాత్రి ఎక్కడ ఉండబోతున్నదీ ముందే లెక్క వేసుకోగలిగాడు.

తబూక్ నేర్పిన పాఠం

హిజ్రీ 9లో జరిగిన తబూక్ యాత్రను యుద్ధచరిత్రగానే సాధారణంగా చదువుతారు. ప్రయాణ సన్నాహపు దృష్టితో చూస్తే అందులో మరొక పాఠం కనిపిస్తుంది. దైవప్రవక్త (స) దండయాత్రలకు బయలుదేరేటప్పుడు గమ్యాన్ని బాహాటంగా చెప్పేవారు కాదు. తబూక్ విషయంలో మాత్రం స్పష్టంగా ప్రకటించారు. కారణాన్ని హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) స్వయంగా వివరించారు: ఎండలు తీవ్రం, దూరం ఎక్కువ, దారి ఎడారి, శత్రువు బలవంతుడు. అందువల్ల ప్రజలు తగినట్లుగా సిద్ధపడాలని ముందుగా తెలియజేశారు.

కఅబ్ గారి వృత్తాంతం సహీహ్ బుఖారీలో వివరంగా ఉన్నది. ఆయన అంతకు ముందెన్నడూ లేనంత సంపన్నస్థితిలో ఉన్నారు. ఆయన వద్ద రెండు సవారీ ఒంటెలున్నాయి. ఖర్జూరాలు పండే కాలం, నీడ మనసును లాగే కాలం. ప్రతి ఉదయం సన్నాహం చేసుకుందామని వెళ్లేవారు, ఏమీ చేయకుండా తిరిగివచ్చేవారు. తలచుకుంటే ఎప్పుడైనా చేయగలను కదా అనుకున్నారు. సేన బయలుదేరింది. ఒకటి రెండు రోజుల్లో సిద్ధపడి అందుకుంటానని చెప్పుకున్నారు. ఆ ఒకటి రెండు రోజులు అట్లాగే గడిచాయి, సేన అందనంత దూరం పోయింది. సేన తిరిగివచ్చాక ఆయన సాకులు చెప్పలేదు, నిజం చెప్పారు. ఏభై రోజుల పాటు మదీనాలో ఎవ్వరూ ఆయనతో మాట్లాడలేదు. తర్వాత ఆయన పశ్చాత్తాపం అంగీకరించబడింది. తౌబా సూరాలో (9:118) ఆ ప్రస్తావన ఉన్నది.

ఒంటెలూ ధనమూ రెండూ ఉన్న మనిషి వెనుకబడిపోయాడు. ఆయన చేయనిదల్లా సన్నాహానికి ఒక రోజును విడిగా కేటాయించుకోవడమే. సఫర్ అంటే ముసుగు తొలగించడమని గజాలీ చెప్పిన మాటను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఈ ప్రయాణం గడప దాటక ముందే మనుషుల స్వభావాన్ని బయటపెట్టింది.

కార్తెలు, అన్వా

ఏ మాసంలో బయలుదేరాలన్నది రెండవ ప్రశ్న. ఖురైష్ సూరా (106) చలికాలపు ప్రయాణాన్ని, ఎండకాలపు ప్రయాణాన్ని వేరువేరుగా పేర్కొన్నది. ఖురైషులు చలికాలంలో యమన్‌కూ, ఎండకాలంలో సిరియాకూ బిడారులు నడిపేవారని వ్యాఖ్యాతలు వివరించారు.

చాంద్రమాన పంచాంగం రుతువులను చూపదు. అందుచేత అరబ్బులు నక్షత్రాలను చూసేవారు. చంద్రుని 28 మన్‌జిళ్లు ఒకదాని తర్వాత ఒకటి తెల్లవారుజామున ఉదయించడాన్ని, వాటికి ఎదురుగా ఉన్నవి పడమట క్రుంకడాన్ని బట్టి ఏడాదిని సుమారు పదమూడేసి రోజుల భాగాలుగా విభజించారు. దీనికే 'అన్వా' అని పేరు. మన రైతులు రోహిణి కార్తెలో ఎండను, మృగశిర కార్తెలో తొలకరిని గుర్తుపెట్టుకొన్నట్లే ఎడారివాసులు సురయ్యా (కృత్తిక) వేకువజామున కనిపిస్తే ఎండలు ముదురుతున్నాయని గ్రహించేవారు. బాటసారి దిగే చోటుకూ, చంద్రుడు నిలిచే చోటుకూ అరబీలో ఒకే మాట, మన్‌జిల్.

ఈ విద్యపై ఇబ్ను ఖుతైబా (మరణం హిజ్రీ 276, క్రీ.శ. 889) రాసిన 'కితాబుల్ అన్వా' గ్రంథాన్ని ప్రపంచానికి అందించినది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థే కావడం మనకు గర్వకారణం. హైదరాబాదులోనే జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002), ఫ్రెంచి పండితుడు షార్ల్ పెల్లా కలిసి పరిష్కరించగా 1956లో అది వెలువడింది.

హజ్ విషయంలో రుతువును ఎన్నుకొనే వీలు లేదు. జుల్‌హిజ్జా మాసం సుమారు 33 ఏళ్లలో అన్ని రుతువులను చుట్టివస్తుంది. తేదీని మార్చలేనప్పుడు మార్చుకోగలిగినవి నీళ్ల మోత, నడిచే వేళ, విడిది రోజులు. హజ్ బిడారుల చరిత్ర అంతా ఈ మూడింటి చుట్టూ తిరుగుతుంది.

దమస్కస్ బిడారు

మొరాకో యాత్రికుడు ఇబ్ను బతూతా హిజ్రీ 726 షవ్వాల్‌లో (సెప్టెంబరు 1326) దమస్కస్ బిడారుతో హజ్‌కు బయలుదేరాడు. అతని వర్ణనలో విడిది రోజులను విడిగా రాసుకుంటే ఒక క్రమం బయటపడుతుంది. బుస్రాలో నాలుగు రోజులు ఆగారు. దమస్కస్‌లో పని మిగిలి వెనుకబడినవారు వచ్చి కలుసుకోవడానికి. కరక్ వెలుపల నాలుగు రోజులు. ఎడారిలో ప్రవేశించడానికి కావలసినవి సమకూర్చుకోవడానికి. తబూక్‌లో నాలుగు రోజులు. ఒంటెలకు కడుపునిండా నీరు పట్టి, ముందున్న భయంకరమైన ఎడారికి నీరు నింపుకోవడానికి. అల్‌ఉలాలో నాలుగు రోజులు. బట్టలు ఉతుక్కొని, ఎక్కువైన సామాను అక్కడివారి వద్ద భద్రపరచి, మదీనాకు అవసరమైనవి మాత్రమే తీసుకుపోవడానికి. వెరసి పదహారు రోజులు. దమస్కస్ నుంచి హిజాజ్‌కు రమారమి నలభై రోజులని ఆ కాలపు లెక్క. అంటే దాదాపు అయిదింట రెండు వంతుల కాలం బిడారు కదలకుండానే ఉన్నది.

ఈ పదహారు రోజులను వృథాగా ఎంచడం పొరపాటు. తబూక్ నుంచి అల్‌ఉలా వరకు బిడారు రాత్రింబగళ్లు ఆగకుండా నడిచింది. నాలుగు రోజుల విశ్రాంతి లేకుంటే ఆ నడక సాధ్యమయ్యేది కాదు. ఆ దారిలోనే ఉఖైదిర్ అనే లోయ ఉన్నది. ఒక సంవత్సరం వడగాలికి తిత్తుల్లోని నీరు ఇంకిపోగా, ఒక్క గుక్క నీటి వెల వెయ్యి దీనార్లకు చేరిందనీ, కొన్నవాడూ అమ్మినవాడూ ఇద్దరూ చనిపోయారనీ, ఆ సంగతి లోయలోని ఒక బండ మీద చెక్కి ఉన్నదనీ ఇబ్ను బతూతా రాశాడు. తబూక్ తర్వాత అయిదవ రోజున సమూద్ జాతి వారి హిజ్ర్ వస్తుంది. అక్కడి బావిలో నీరు సమృద్ధిగా ఉన్నా ఎంత దాహమైనా ఎవ్వరూ తోడుకోరు. తబూక్ యాత్రలో దైవప్రవక్త (స) అక్కడ ఆగకుండా వేగంగా దాటిపోయారు, ఆ నీటిని తాగవద్దన్నారు. అనగా నీటి లెక్కలో హిజ్ర్ బావిని చేర్చకూడదు. విశ్వాసం కూడ ఆ లెక్కలో ఒక భాగమైంది.

లెక్క తప్పిన సందర్భాలు కూడ చరిత్రలో ఉన్నాయి. ఉస్మానీల కాలంలో హజ్ నుంచి తిరిగివచ్చే యాత్రికులకు దారి మధ్యలో ఆహారం అందించడానికి దమస్కస్ నుంచి 'జర్దా' అనే సహాయక బిడారును ఎదురు పంపేవారు. 1757లో బనూ సఖ్ర్ తెగవారు మొదట ఈ జర్దాను దోచి, పిదప హజ్ బిడారు మీద పడ్డారు. కత్తివేటుకు చనిపోయినవారితో పాటు ఆకలి, దాహం, ఎండల వల్ల వేలాదిమంది మరణించారు. కరవు వల్లా, తమకు రావలసిన సొమ్ము ఆగిపోవడం వల్లా ఆ తెగలు తెగించాయని చరిత్రకారులు చెబుతారు. మజిలీల లెక్కలో ఆ దారి పక్కన బ్రతికే ప్రజల ఆకలిని కూడ కలుపుకోవలసి ఉండేదన్నమాట.

సిజిల్మాసా నుంచి వలాతాకు

సహారా ఎడారిలో ఈ లెక్క మరింత కఠినమైనది. హిజ్రీ 753 ముహర్రమ్ మొదటి తేదీన (18 ఫిబ్రవరి 1352) ఇబ్ను బతూతా మొరాకోలోని సిజిల్మాసా నుంచి మాలీ రాజ్యానికి బయలుదేరాడు. దానికి ముందు ఒంటెలు కొన్నాడు. ఇక్కడ అరబీ మూలంలోని వాక్యాన్ని కొందరు ఆంగ్ల అనువాదకులు 'నాలుగు నెలలకు సరిపడా మేత కొన్నాడు' అని అర్థం చేసుకున్నారు. మూలంలోని క్రియను నేరుగా చదివితే 'వాటిని నాలుగు నెలలు మేపాడు' అని వస్తుంది. ఈ రెండవ అర్థమే సరైనదైతే రెండు నెలల ప్రయాణానికి నాలుగు నెలల సన్నాహం జరిగిందన్నమాట. ఎడారి ఒంటె తన మూపురంలో పెట్టుబడి మోసుకుపోవాలి. ఆ పెట్టుబడి ఒక్క వారంలో కూడేది కాదు.

ఇరవై అయిదు రోజులకు తగాజా చేరారు. అక్కడ ఇండ్లూ మస్జిదూ ఉప్పు దిమ్మెలతో కట్టినవే, పైకప్పులు ఒంటె తోళ్లు. చెట్టన్నది లేదు, నీరు ఉప్పన. అటువంటి చోట పది రోజులు ఆగారు. ముందున్న పది రోజుల దారిలో నీరు దొరకడం అరుదు గనుక ఇక్కడే నింపుకోవాలి. ఆ ఏడు వాననీరు గుంటలలో నిలిచి ఉండడం వారి అదృష్టం. తర్వాత తాసరహ్లా అనే చోట మూడు రోజులు ఆగి తోలు తిత్తులను బాగుచేసుకొని, నీరు నింపి, గాలికి ఇంకిపోకుండా వాటికి గోనె తొడుగులు కుట్టారు.

ఇక్కడి నుంచి ఒక మనిషిని ముందుగా వలాతాకు పంపుతారు. అతన్ని 'తక్‌షీఫ్' అంటారు. అతను ఒంటరిగా ఎడారి దాటిపోయి బిడారు వస్తున్నదని ఉత్తరాలు అందిస్తే, వలాతా వారు నాలుగు రోజుల దూరం నీళ్లతో ఎదురు వస్తారు. అతను దారిలో చనిపోతే బిడారు సంగతి వలాతాకు తెలియదు. బిడారులో అందరూ, లేదా అధికభాగం, నశించిపోతారు. ఆ ఏడు తక్‌షీఫ్‌కు నూరు మిస్‌ఖాళ్ల బంగారం ఇచ్చారు. అతనికి ఒక కన్ను లేదు, రెండవ కన్నుకు జబ్బు. అయినా దారి ఎరిగినవారిలో అతన్ని మించినవాడు లేడని ఇబ్ను బతూతా రాశాడు. ఖాలిద్ బిన్ వలీద్ (రజి) ఇరాఖ్ నుంచి సిరియాకు నీరులేని అయిదు రోజుల ఎడారి దాటినప్పుడు దారి చూపిన రాఫిఅ్ తాయీ కూడ కంటిజబ్బు మనిషే అని చరిత్రకారులు చెబుతారు. దారిని ఎరిగి ఉండడం వేరు, చూడగలగడం వేరు.

ఎండ తీవ్రంగా ఉన్నందున అస్ర్ తర్వాత బయలుదేరి రాత్రంతా నడిచి తెల్లవారి ఆగేవారు. ఏడవ రాత్రి, ఎదురు వచ్చినవారి మంటలు దూరాన కనిపించాయి. రబీఉల్ అవ్వల్ మొదట్లో వలాతా చేరారు. సరిగ్గా రెండు నెలలు. ఇరవై అయిదు, పది, పది, మూడు కూడితే నలభై ఎనిమిది. మిగిలిన పది పదకొండు రోజులు ఆఖరి ఎడారివి. ఈ దారిలోనే, ఇబ్ను జీరీ అనే తోటి ప్రయాణికుడు తగవు పడి వెనుకబడి దారితప్పి పోయాడు. అంతకు ముందు బిడారు కన్న ముందు పోయి పశువులను మేపుకొనే అలవాటు ఉన్న ఇబ్ను బతూతా ఆ రోజు నుంచి ముందుకూ పోలేదు, వెనుకా పడలేదు.

తిరుగు ప్రయాణంలో హిజ్రీ 754 షఅబాన్‌లో తకద్దా నుంచి తువాత్‌కు డెబ్భై రాత్రులకు సరిపడే ఆహారంతో బయలుదేరాడు. హగ్గార్ తెగవారి ప్రాంతంలోకి రమజాన్ మాసంలో ప్రవేశించారు. ఆ మాసంలో వారు బిడారులను దోచుకోరు. ఆ బిడారులో ఆరువందల మంది బానిస స్త్రీలు ఉన్నారని కూడ అతనే రాశాడు. వర్తకుల నేర్పును మెచ్చుకునేటప్పుడు ఈ వాక్యాన్ని దాటవేయడం న్యాయం కాదు. రోజుల లెక్క వేసినవారు ఒకరు, ఆ లెక్కలో తమ మాట ఏమీ లేకుండా నడిచినవారు మరొకరు.

ధర్మశాస్త్రంలో ప్రయాణకాలం

ఈ అనుభవమంతా ఫిఖ్‌హ్‌లో ప్రతిఫలించింది. ప్రయాణికుడు నాలుగు రకాతుల నమాజును రెండుగా కుదించుకోవడానికి ఎంత దూరం పోవాలి? మాలికీ, షాఫిఈ, హంబలీ ధర్మవేత్తలు దీనిని నాలుగు బరీద్‌లు, అంటే పదహారు ఫర్సఖ్‌ల దూరంగా చెప్పారు. హనఫీలు దూరాన్ని చెప్పలేదు, కాలాన్ని చెప్పారు: ఒంటె నడకతో లేదా కాలినడకతో మూడు రోజుల ప్రయాణం, అదీ ఏడాదిలో అతి చిన్న రోజులతో లెక్కించాలని వివరించారు. ఫర్సఖ్‌లతో నిమిత్తం లేదని 'హిదాయా' కర్త మర్గీనానీ (మరణం 1197) స్పష్టంగా రాశారు. మన దేశంలో హనఫీ ఉలమా తర్వాతి కాలంలో ఈ మూడు రోజులను 48 మైళ్లుగా, అంటే సుమారు 77 కిలోమీటర్లుగా నిర్ణయించారు. రోజుకు పదహారు మైళ్లన్నమాట. నేడు మనం బస్సులో గంటన్నరకు దాటే ఈ దూరంలో ఒంటె నడక మూడు రోజులు దాగి ఉన్నది.

మేజోళ్ల మీద మసహ్ చేసుకోవడానికి స్థానికునికి ఒక పగలూ రాత్రీ, ప్రయాణికునికి మూడు పగళ్లూ రాత్రులూ అనుమతి ఉన్నది. దగ్గర నీరున్నా, దానితో వుజూ చేస్తే దాహానికి చాలదన్న భయముంటే తయమ్ముమ్ చేయవచ్చు. ఈ ఆదేశాన్ని నిదానంగా ఆలోచించాలి. నమాజు కోసమైనా సరే రేపటి తాగునీటిని ఈరోజే ఖర్చుపెట్టనక్కర లేదని షరీఅత్ ప్రయాణికునికి చెబుతున్నది. పచ్చిక ఉన్న చోట ఒంటెలను మేయనివ్వాలనీ, ఎండిన నేల మీద త్వరగా నడిపించాలనీ సహీహ్ ముస్లింలోని హదీసు తెలుపుతున్నది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో ఆ ఒక్క బోధనలోనే ఉన్నది.

రైలు వచ్చిన తర్వాత

1900లో సుల్తాన్ అబ్దుల్ హమీద్ హిజాజ్ రైలుమార్గాన్ని ప్రకటించాడు. ప్రపంచ ముస్లిములు చందాలు ఇచ్చారు. మన హైదరాబాదులో ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ ఈ నిధికి విరాళాల సేకరణలో ముందు నిలిచారు. 1908లో రైలు మదీనా చేరింది. సుమారు 1,300 కిలోమీటర్ల దారి, ఇంచుమించు నలభై రోజుల నుంచి మూడు నాలుగు రోజులకు తగ్గింది. పట్టాలు చాలవరకు పాత మజిలీల వెంటే వేయబడ్డాయి. ఒంటెకు కావలసిన నీరే ఆవిరి ఇంజనుకూ కావలసి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ మార్గం ధ్వంసమైంది. తర్వాత మోటార్లు, విమానాలు వచ్చి మజిలీ అనే మాటనే అనవసరం చేశాయి.

కాని ఎడారి మారలేదు. 2024 జూన్‌లో హజ్ సమయాన తీవ్రమైన ఎండలకు 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో అత్యధికులు అనుమతి లేకుండా వచ్చి, నీడా బసా లేక ఎండలో దూరం నడిచినవారు. విమానం వారిని కొన్ని గంటల్లో చేర్చింది. ఆఖరి కొన్ని మైళ్లకు మాత్రం పాత లెక్కే వర్తించింది: నీరెక్కడ, నీడెక్కడ, ఏ వేళ నడవాలి, తోడెవరు.

హజ్‌కో ఉమ్రాకో వెళ్లదలచినవారు టిక్కెట్టు తేదీలను చూసి రోజులు లెక్కపెట్టుకుంటారు. చేరిన మర్నాడే పరుగులు పెట్టేట్లు కార్యక్రమం వేసుకుంటారు. వృద్ధులైన తల్లిదండ్రులను వెంట తీసుకుపోయేవారు బుస్రాలో వెనుకబడినవారి కోసం ఆగిన నాలుగు రోజులను ఒకసారి తలచుకోవాలి. ఒంటెను కట్టి ఆ తర్వాత దేవుని మీద భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు. ఎడారి బిడారులు ఆ బోధనను రోజులలో, తిత్తులలో, విడిదులలో ఆచరించి చూపాయి. బలహీనుని నడకను బట్టి రోజులు లెక్కపెట్టుకొనే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక.